గేటు మీది గొంతు

గోదావరిఖని,
20-8-2025

శ్రీరాంపూర్‌లోని సంధ్యారాణి అక్కకు చెల్లెలు రమ దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. బావకు ఈ వారం గనిలో ఏ షిఫ్టు పడిందో రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రావడం లేదు.

మా ఆయన శివ తన దుకాణంలో అమ్మే స్పీకరున్న కెమెరాలను కాలనీలో నూట నలభై గేట్లకు బిగించాడు కదా. చెడిపోతే నిచ్చెన వేసుకుని పోయేదీ ఆయనే. ఉగాది తర్వాత ఆ కెమెరాల కంపెనీ, ఇక మీరు అమ్మితే చాలు, బాగోగులు మేమే హైదరాబాద్ నుంచి చూసుకుంటాం అంది. ఆయన ఒప్పుకోలేదు. కెమెరా అమ్మేది ఒక్కసారే, మా ఇల్లు గడిచేది ఆ బాగోగుల మీదే.

మొన్న సోమవారం పెరుగు తోడు కోసం పక్క వరుసలోని సారవ్వ ఇంటికి వెళ్లాను. గేటు మీది కెమెరా పలికింది. ఇక శివ దుకాణానికి పోవద్దని, ఏ ఇబ్బంది వచ్చినా తనకే చెప్పమని. ఆ గొంతు నాది అక్కా! మాట మధ్యలో నేను ఆగే తీరు కూడా నాదే. సారవ్వ బయటికొచ్చి, ఏందే రమా, ఇంట్ల నోరే తెరువవు, మా గేటు కాడ గింత మాట్లాడుతున్నవు, మొగని దుకాణానికే పోవద్దంటవా అని నవ్వింది. నేను పెదవి కూడా కదపలేదు. తిరిగి వస్తుంటే ఒక్కో గేటు నన్ను చూసి అదే చెప్పింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు లేచి కిటికీల్లోంచి చూశారు.

ఇప్పుడు ఆయన్ని ఎవరూ పనికి పిలవడం లేదు. నీ పెండ్లమే వద్దంటున్నది గదా అంటున్నారు. ఆయన మాత్రం, మా రమ నాతోనే సక్కగ మాట్లాడది, పరాయోళ్లతోని మాట్లాడుతదా, కంపెనోళ్లే ఆమె గొంతు దొంగిలించిన్రు అని పోలీసులకు కాగితం రాసిచ్చాడు. ఎల్లుండి నేనూ వెళ్లి అదే చెప్పి సంతకం పెట్టాలట.

మా గేటు కెమెరా మీద గుడ్డ కప్పాను. గుడ్డ కింద నుంచి కూడా పలుకుతోంది.

నీ చెల్లెలు,
రమ

మళ్లీ రాస్తున్నాను: కవరు అంటించబోయి ఆగాను. వాళ్లు దొంగిలించలేదు అక్కా. ఎండాకాలంలో కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆయన దుకాణం ఫోన్ ఇంట్లో పెట్టి పనిమీద పోతే నేనే ఎత్తాను. ఫోన్‌లోకి పంపిన మాటలు పైకి చదవమంది. ఐదో తరగతి దాకే చదివానన్నాను. ఎంత చక్కగా చదువుతున్నావమ్మా అంది. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మూడు మధ్యాహ్నాలు చదివాను. నీ గొంతు వాడుకోవచ్చా అంటే సరేనన్నాను. నేను చదివిన వాటిలో దుకాణం మాటే లేదు, ఒట్టు. పొద్దున ఆయనకు చెబుదామని గేటు దాకా వెంట వెళ్లాను. నోరు తెరిస్తే గాలే వచ్చింది. గుడ్డ కింద నుంచి నా గొంతు, ఏ ఇబ్బంది వచ్చినా నాకే చెప్పండి అంది.

అందుకే ఈ కవరు అంటించడం లేదు. పోస్టులో వేయమని ఆయన చేతికే ఇస్తున్నాను.