ఫోటో కోసం విప్పిన జడలు

గురువారం, రాయపూర్

ఇవాళ అన్నం సయించలేదు. విదేశీ డాక్టర్లు వచ్చి చేసే ఉచిత ఆపరేషన్ల కోసం క్యాంపులో పిల్లల ఫోటోలు తీశారు. క్యాంపు నడిపే మూర్తిగారు వైజాగ్ నుంచి వచ్చారు, హిందీ రాదు. ఆయన మాటలు తల్లులకు చెప్పడం నా పని.

ఉర్లా నుంచి ఒకావిడ గ్రహణం మొర్రి ఉన్న ఆరేళ్ళ కూతుర్ని తెచ్చింది. ఫోటో అన్నారని పండరీ బజారులో కొత్త గౌను కొని, నూనె రాసి రెండు జడలు వేసింది.

మూర్తిగారు మొహం చిట్లించారు. "ఇలా సింగారించుకొస్తే విదేశాల్లో డబ్బిచ్చేవాళ్ళు పేదపిల్లంటే నమ్ముతారా అమ్మా? పాతదేదైనా వేసి, జుట్టు కాస్త రేపమనండి."

పొల్లుపోకుండా చెప్పాను. చెప్పకపోతే పిల్ల పేరు కొట్టేస్తారేమోనని భయం. ఆ తల్లి పొద్దున వేసిన జడలు తనే విప్పి, సంచిలోని పాత గౌను తొడిగింది.

ఫోటో అయ్యాక నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "దీదీ, ఆపరేషన్ తర్వాత తీసే ఫోటోలోనైనా కొత్తది వేయొచ్చా?"

వేయమ్మా అనేస్తే పోయేది. "సాబ్‌ని అడిగి చెప్తాను" అన్నాను.

అడిగి చెప్తానట, మహాతల్లిని! ఛీ.