నాలుగో నంబరు గాజు

మార్చి 3, సోమవారం

కార్పొరేషన్ నుంచి ఇంజనీరమ్మాయి వచ్చింది. నిండా ముప్పై ఏళ్ళు ఉండవు. హాల్లో బాల్కనీ కింది గోడకి పడ్డ బీటలు చూసి, వాటికి అడ్డంగా ఏడు గాజు స్లైడులు అంటించింది. కాలేజీ ల్యాబుల్లో వాడే రకం. రెండు కొసలా ప్లాస్టర్ పెట్టి, ఒక్కోదాని మీద మార్కర్‌తో నంబరు, తేదీ వేసి సంతకం పెట్టింది. గోడ తలవెంట్రుకంత కదిలినా గాజు చిట్లుతుంది అంకుల్, ఒక్కటి చిట్లినా హాలు మూసేయాల్సిందే అంది. నెలకోసారి వచ్చి చూస్తుందట.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ హాలుకి కేర్‌టేకర్‌ని నేను. కచేరీల బోర్డులు రాసేదీ నేనే. నాకు పాఠం చెప్పడానికి వచ్చింది.

మార్చి 9

సెక్రటరీగారు పిలిచారు. ఆగస్టుకి హాలుకి అరవై ఏళ్ళు. పెద్ద కచేరీ, సావనీరు. అందులో హాలు చరిత్ర నన్ను రాయమన్నారు. నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసయ్యా అన్నారు. ఎగిరి గంతేసే వయసు కాదు గానీ మనసులో వేసేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, మీరు నన్ను మొదట చూసింది ఆ టికెట్ల కిటికీ దగ్గరే కదా, అదీ ఓ ముక్క రాయండి అంది. బావమరిది భోజనానికి వచ్చాడు. ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, బాల్కనీ గుమ్మంలో టికెట్లు చింపేది అతనే. నీ హాలు కన్నా నా మోకాళ్ళకే బీటలెక్కువ బావా, వాటికీ ఓ గాజు అంటించమను అన్నాడు. ఆవిడకి పొలమారింది నవ్వలేక.

ఏప్రిల్ 2

ఇంజనీరమ్మాయి వచ్చి చూసింది. ఏడూ బాగున్నాయి.

ఏప్రిల్ 17, గురువారం, మధ్యాహ్నం 2

నాలుగో నంబరు చిట్లింది. అడ్డంగా సన్నటి గీత. తడిమితే వేలు తెగింది.

లారీ ఏదో పోయుంటుంది. లేదా చీపురు తగిలుంటుంది. అంత ఎత్తున చీపురు తగలదని నాకు తెలీదా?

ఫోన్ చేయాలి. చేస్తే రేపే తాళం. పక్క వీధి లైబ్రరీకి ఇలాగే రెండు నెలలని తాళం వేశారు. ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటున్నారు. హాలు పోతే నేనేం చేయాలి? పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి?

ఏప్రిల్ 18

సైన్సు సామాన్ల షాపులో స్లైడుల డబ్బా కొన్నాను. మనవడి స్కూలుకా అండీ అని అడిగాడు. అవునన్నాను. మాకు పిల్లలే లేరు.

మధ్యాహ్నం హాలు ఖాళీ. పాతది ఊడబెరికి కొత్తది అంటించాను. నాలుగు, మార్చి 3, ఆమె సంతకం. ఇన్నేళ్ళు బోర్డులు రాసిన చెయ్యి, ఆ పిల్లే చూసినా తన సంతకమే అనుకుంటుంది. చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉంది.

మే 2

టార్చి వేసి మరీ చూసింది. గోడ కదలడం లేదు అంకుల్, బతికిపోయాం అంది. టీ తెప్పించి ఇచ్చాను.

మే 21

మళ్ళీ నాలుగు. మళ్ళీ మార్చాను.

జూన్ 11

చరిత్ర కోసం పాత ఫైళ్ళు దులుపుతున్నాను. ఇది మొదట గోడౌను. పొగాకు వర్తకుడొకాయన సంగీతం పిచ్చితో బస్తాలు బయట పడేసి స్టేజీ కట్టించాడు. మొదటి కచేరీకి వచ్చింది ఇరవై ఏడు మంది, అందులో పదిమంది ఆయన చుట్టాలే. పన్నెండో ఏడు వచ్చేసరికి జనం పట్టక బాల్కనీ వేశారు.

ఆ ఫైల్లో మేస్త్రీ రాసిన ఉత్తరం దొరికింది. ఇది బస్తాలకి అడ్డుగా లేపిన గోడ, దీనికి పునాది మూరెడు కూడా లేదు, దీని మీద మనుషుల బరువు వేయకండి, వేస్తే నా పూచీ లేదు అని రాశాడు. కింద అప్పటి ప్రెసిడెంటు ఎర్ర సిరాతో ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు. అంతే.

సెక్రటరీగారికి చూపించాను. శుభమా అని అరవై ఏళ్ళు జరుపుకుంటుంటే ఇదెందుకయ్యా, నలభై ఎనిమిదేళ్ళు నిలబడింది కదా అన్నారు. అదీ నిజమే. గాజు సంగతి కూడా చెప్పేవాడినే, ఇంతలో ఆయనకి ఫోనొచ్చింది. ఉత్తరం తీసుకెళ్ళి ఫైల్లో పెట్టేశాను.

జులై 30

నాలుగు ఇప్పుడు పదిరోజులు కూడా ఆగడం లేదు. రెండో నంబరూ మొదలుపెట్టింది.

ఇంజనీరమ్మాయి ఇవాళ గోడ ముందు చాలాసేపు నిలబడింది. బీట వెడల్పయినట్టుంది, గాజులేమో బాగానే ఉన్నాయి, నా కళ్ళదే తప్పేమో అంకుల్ అంది. కళ్ళద్దాలు మార్చుకో అమ్మా అన్నాను.

ఛీ.

ఆగస్టు 16, శనివారం, సాయంత్రం 4

హౌస్‌ఫుల్. చరిత్ర అచ్చయి వచ్చింది, మొదటి పేజీలో నా పేరు. బావమరిది కొత్త చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడు. పెళ్ళికొడుకువా ఏమిటోయ్ అన్నాను.

పొద్దున చూస్తే నాలుగు చిట్లి ఉంది. అంటించి రెండు రోజులే. మార్చే టైం లేదు. కచేరీ బోర్డు దానికి అడ్డం పెట్టాను. రేపు చెబుతాను. ఒట్టు, రేపు చెప్పేస్తాను.

ఆగస్టు 17

బాల్కనీ పడిపోయింది.

సెప్టెంబర్ 4

పదకొండు మంది. పదకొండోవాడు బావమరిది. గుమ్మంలోనే ఉన్నాడు, ఒక్క అడుగు వెనక్కి వేస్తే మెట్ల మీదుండేవాడు. ఎవరో ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని లేపుతున్నాడట.

మిగిలిన హాలు కూడా కూల్చేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేను.

ఆవిడ తిట్టడానికి తప్ప నోరు విప్పడం లేదు. తిట్టేది ఇంజనీరమ్మాయిని. దాని కళ్ళు పోను, నెలనెలా వచ్చి ఏం చూసి ఏడ్చింది, నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది అని. తేలు కుట్టిన దొంగలా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను.

సెప్టెంబర్ 19

ఇంజనీరమ్మాయిని సస్పెండ్ చేశారు. కేసు కూడా పెట్టారు. అసలు హాలుకి రాకుండానే రిపోర్టులు రాసిందని అభియోగం.

మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఆ పిల్ల మొహం మీదే తలుపు వేసింది. నేను వెనక సందులోంచి వెళ్ళి వీధి చివర కలిశాను. పిల్ల సగమైపోయింది. నేను వచ్చాను కదా అంకుల్, ప్రతిసారీ గాజు బాగానే ఉంది కదా, మీరూ చూశారు కదా, నాకే పిచ్చెక్కుతోందేమో అంది. బాగానే ఉందమ్మా అన్నాను. ఆ మాట ఎంక్వయిరీలో చెప్పండి, మీకు దణ్ణం పెడతాను అంది. నిజంగానే చేతులు జోడించింది, నడివీధిలో.

ఆ మాట చెప్పినా లాభం లేదు. గాజు బాగుంటే గోడెలా పడింది, సరిగ్గా అంటించలేదన్నమాట అంటారు. ఎటు తిప్పినా ఆ పిల్లే మునుగుతుంది. బయటపడేసే మాట ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంది.

అక్టోబర్ 6

ఎంక్వయిరీలో నా పేరు పిలిచారు. చెప్పేద్దామనే లేచాను. ఆ గాజు, అన్నాను. కండువాతో మొహం కప్పుకున్నాను. చైర్మన్‌గారు పాపం జాలిపడ్డారు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నారు, కూర్చోండి పెద్దాయనా, వచ్చే వాయిదాకి చెబుదురుగాని అన్నారు.

కూర్చున్నాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగాను కూడా.

అక్టోబర్ 20

పోయినవాళ్ళ జ్ఞాపకంగా హాలు చరిత్ర మళ్ళీ వేస్తారట. చివరి అధ్యాయం నన్నే రాయమన్నారు. ‘ప్రమాదానికి కారణాలు విచారణలో ఉన్నాయి’ అని రాసి ముగించాను. మేస్త్రీ ఉత్తరం మీద ఆ ప్రెసిడెంటు కూడా ఇంతకన్నా బాగా రాయలేదు.

రేపు ఆఖరి వాయిదా. కడుపునొప్పని కబురు పంపిస్తాను.

అక్టోబర్ 21

ఇది రాస్తున్నది ఆయన కాదు, నేను. ఆయనకి నిజంగానే కడుపునొప్పి వచ్చింది. మాత్రల కోసం సొరుగు వెతుకుతుంటే ఈ పుస్తకం దొరికింది. నిలబడే చదివాను, మొత్తం.

ఆ పిల్లకి ఇన్నాళ్ళూ ఈ నోటితోనే శాపనార్థాలు పెట్టాను.

వాయిదా పదకొండింటికి. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. అన్నం వండి మూత పెట్టాను. ఆయన్ని లేపలేదు.