వేడెక్కే పవర్ బ్యాంకు, అత్తయ్య మోకాలు

సోమవారం, ఉదయం 8.10
ఫోన్‌లో మెసేజ్! మా పవర్ బ్యాంకును కంపెనీ వెనక్కి పిలిచేసింది. అతిగా వేడెక్కుతుందట. అంటుకునే ప్రమాదం కూడా ఉందట. వాడకం వెంటనే ఆపి, కొన్న షాపులో ఇచ్చేస్తే కొత్తది ఇస్తారట. వెనక ఉన్న నంబరు చూశాను. సాక్షాత్తూ మాదే!

చూస్తూ ఊరుకుంటానా? పార్సిల్ ఆఫీసులో అగ్నిప్రమాదాల నివారణ బాధ్యత నాది. ఎర్ర బ్యాడ్జీ కూడా ఇచ్చారు.

తీర్మానాలు:
1. ఈ క్షణం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.
2. శనివారంలోగా షాపులో ఇచ్చేయాలి.
3. బ్యాడ్జీ ఇంట్లో కూడా పెట్టుకోవాలి.

సాయంత్రం 7.00
పవర్ బ్యాంకు కనబడలేదు. ఇల్లంతా గాలించాను. అత్తయ్య మోకాలి మీద ఉంది! తువ్వాల్లో చుట్టి, పైన నా చున్నీతో కట్టుకున్నారు. ఒక పక్క ఫోను చార్జ్ అవుతోంది, ఒక పక్క మోకాలు కాగుతోంది.

"అత్తయ్యా, కాలుతుంది!"

"ఆ వేడే కదమ్మా హాయి! నెల నుంచీ ఇదే నా మందు. భలే వస్తువు కొన్నావు."

"కంపెనీవాళ్లే వాడొద్దంటున్నారు."

"వాళ్లకు మోకాళ్ల నొప్పులు లేవేమో."

లాక్కుని బాల్కనీలో ఖాళీ బకెట్లో పెట్టాను. పైన చీటీ: ముట్టుకోరాదు! మా ఆయన మధ్యలో దూరలేదు. తెలివైనవాడు.

మంగళవారం, సాయంత్రం 6.20
షాపు ఆరింటికే మూసేస్తారు. నా డ్యూటీ దిగేదీ ఆరింటికే. పోనీ పార్సిల్లో పంపుదామా అంటే, అలాంటి బ్యాటరీలు తీసుకోం అని రోజూ కౌంటర్లో జనాన్ని వెనక్కి పంపేది నేనే! రేపు పర్మిషన్ అడుగుతాను. ఖాయం.

బుధవారం, సాయంత్రం 6.40
పర్మిషన్ అడగలేదు. మేనేజరు మొహం బాగోలేదు.

ఇంటికొస్తే కరెంటు లేదు. ఫోన్లో రెండు శాతం. పది నిమిషాలే, పక్కనే నిలబడి ఎక్కించుకున్నాను. చీటీ చించలేదు, పక్కకు జరిపానంతే.

గమనిక: అరచేతికి వెచ్చగా, నిజంగానే హాయిగా ఉంది.

గురువారం, సాయంత్రం 6.45
నడుం పట్టేసింది. అసలు ఎంత వేడెక్కుతుందో పరీక్షించాలి కదా అని ఒక్కసారి నడుముకు ఆనించాను.

అబ్బా! ప్రాణం లేచొచ్చింది!

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నవ్వారు. చెరో పావుగంటకు ఒప్పందం కుదిరింది. పక్కన నేనుంటాను కాబట్టి పర్వాలేదు. బ్యాడ్జీ సొరుగులో పడేశాను. పిన్ను గుచ్చుకుంటోంది.

శుక్రవారం
చెరో అరగంట. షాపుకు రేపు వెళ్తాను, సెలవే కదా.

శనివారం, ఉదయం 9.15


అత్తయ్య మోకాలి కట్టు విప్పి, టీ పెట్టడానికి అప్పుడే లేచారు. కుర్చీలో వదిలేసిన పవర్ బ్యాంకు ఉబ్బిపోయి బుస్సుమంది. పొగ! తువ్వాలు నల్లబడిపోయింది. ఆఫీసులో అందరికీ చెప్పే పాఠం ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! "అమ్మో!" అని అరిచాను. తర్వాత తేరుకుని, పట్టకారుతో ఎత్తి బకెట్లో పడేసి, పూలకుండీల్లో మట్టంతా దాని మీద కుమ్మరించాను.

రెండు నిమిషాల ముందైతే అది ఆవిడ మోకాలి మీదే ఉండేది. అది తలుచుకుని ఏడ్చేశాను.

"కాపడం కావాలంటే నన్ను అడగొచ్చుగా అత్తయ్యా?"

"రోజంతా నిలబడి వస్తావు. నిన్నేం అడగనమ్మా?"

నెల రోజులుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నొప్పి ఇంత ఉందని నాకు తెలియనే తెలియదు.

మధ్యాహ్నం 1.00
బకెట్‌తో సహా షాపుకు మోసుకెళ్లాను. షాపతను రెండడుగులు వెనక్కి వేసి, కొత్తది దూరం నుంచే అందించాడు. అత్తయ్య దాన్ని మోకాలికి ఆనించి పెదవి విరిచారు.

"చల్లగా ఉందే! ఇది పనిచేయడం లేదని వాళ్లకు చెప్పు."

ఆదివారం, సాయంత్రం 6.00
కొత్త తీర్మానం, ఒక్కటే. రోజూ పావుగంట అత్తయ్య మోకాలికి వేడినీళ్ల గుడ్డతో కాపడం. నా చేత్తోనే.

6.40
ఐదు నిమిషాలకే కునుకు పట్టేసింది. కళ్లు తెరిస్తే ఆవిడ పక్కనే మంచం మీద బోర్లా పడి ఉన్నాను. గుడ్డ నా నడుం మీద ఉంది. చల్లారగానే ఆవిడ దాన్ని మళ్లీ ముంచి, పిండి, వేస్తున్నారు.

సరే, ఇవాళ్టిది లెక్కలోకి రాదు. రేపే మొదటి రోజు. ఒట్టు! బ్యాడ్జీ కూడా పెట్టుకుంటాను.