పందెం బిర్యాని

రొద్దం, శుక్రవారం

తమ్ముడు ఫయాజ్‌కు,

అల్లా నిన్ను చల్లగా చూడాలని తెల్లవారి ఫజర్ నమాజులో అడిగాను. కోపం మాత్రం తగ్గలేదు.

ఎండలు అప్పుడే ముదిరాయి. నిన్న నేనూ చెల్లెలు సబీనా వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాము. నువ్వు హిందూపురం నుంచి పంపిన బిర్యాని నీ స్నేహితుడు హరి తెచ్చిచ్చాడు. సబీనా పిల్లలకు పెట్టి, తానూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"తినక్కా, టీకొట్టు కాడ ఫయాజ్ పందెం గెలిచిన బిర్యాని ఇది. ఈ వారం గల్ఫులో బాంబు ఏ ఊరి మీద పడతాదో వాడొక్కడే కరెక్టుగా చెప్పినాడు" అన్నాడు హరి నవ్వుతూ.

సబీనా మొగుడు అష్రఫ్ లారీ తోలుతున్నది ఆ ఊళ్లోనే. సబీనా ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. నీకు ఊరి పేరు గుర్తుంది, మనిషి గుర్తు రాలేదు.

పిల్లల ముందర నుంచి ఆ బిర్యాని తట్టలు నేనే తీసేశాను.

ఈ పొద్దు అష్రఫ్ ఫోన్ చేశాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. "ఫయాజ్ నా గురించి దిగులు పడతాంటాడు. బాగుండానని చెప్పు వదినా" అన్నాడు.

చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను.

పెద్దక్క