సూదిమందు పాట

1958 ఆగస్టు 19
వంశధార వరద తీసింది. గుణుపూర్ దిగువ వీధులన్నీ బురద. మా బళ్లో మూడు వందల మంది తలదాచుకున్నారు. టీచర్లలో మొదట వాలంటీర్‌గా పేరిచ్చింది నేనే. నాన్నగారు ముప్ఫై ఏళ్లు ఎస్టేటు రికార్డులు చూసిన మనిషి. విశాలాక్షీ, నీకు గంజి కాయడం వచ్చా అని అడిగారు. పద్యం వచ్చినదానికి గంజి రాదా అన్నాను.

ఆగస్టు 21
గంజి మాడింది. నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపేసిన మనిషి పేరు అప్పమ్మ. భర్తని ఏరు పట్టుకుపోయింది. నాలుగేళ్ల కూతురు బుల్లితో వచ్చింది. ఏడవదు. రోజంతా వడ్లు దంచుతుంది.

ఆగస్టు 23, ఉదయం
కలరా. ఇద్దరు పోయారు. డాక్టరు మూర్తిగారు ఇనాక్యులేషన్‌కి బల్ల వేసుకుని కూర్చున్నారు. ఒక్కరూ రాలేదు. సూది వేయించుకుంటే అమ్మోరికి కోపం వస్తుందట.

సాయంత్రం
సూది వేయించుకోమని సీసపద్యం రాశాను. చాలా బాగా వచ్చింది. వరండాలో నిలబడి రాగం తీసి చదివాను. అందరూ దండం పెట్టారు. పెట్టి, వెళ్లిపోయారు. అప్పమ్మ ఒక్కతే ఆగింది.
"పంతులమ్మా, పెళ్లిమంత్రంనాగుంది. ఏటి సెప్పినావో ఒక్క ముక్క అర్తం కానేదు."
కోపం వచ్చింది. రెండు గంటలు ఉంది. తర్వాత నేనే రోలు దగ్గరికి వెళ్లాను.

ఆగస్టు 24
దంపుడు పాట కట్టాలంటే రోకటి పోటుకి మాట సరిపోవాలి. ఛందస్సు కంటే కష్టం. నేనొక మాట ఇస్తే అప్పమ్మ దంచి చూసి, ఇది నిలవదని పారేస్తుంది. మధ్యాహ్నానికి తేలింది:

మరిగిన నీళ్లే తాగాల సెల్లో
మనోళ్ల పిల్లలు మిగలాల సెల్లో

ఆడవాళ్లంతా అందుకున్నారు. ప్రతి పొయ్యి మీదా నీళ్లు మరుగుతున్నాయి. సూదికి మాత్రం రారు. అప్పమ్మ కూడా రాదు. పాట కట్టడం వేరు, చెయ్యి చాపడం వేరు అంటుంది.

ఆగస్టు 26
బుల్లికి వాంతులు.

ఆగస్టు 27
సూదిగుండా సెలైన్ ఎక్కినంతసేపూ బుల్లి చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. అవతలి పక్క అప్పమ్మ. అప్పుడు ఏడ్చింది. కూతురి కోసమో, మొగుడి కోసమో.

మధ్యాహ్నం బుల్లి కళ్లు తెరిచి, గంజి కావాలంది. మూర్తిగారు గండం గడిచిందన్నారు. అప్పమ్మ లేచి, తిన్నగా బల్ల దగ్గరికి పోయి చెయ్యి చాపింది. మళ్లీ రోలు దగ్గర నిలబడి పాట ఎత్తుకుంది:

సీమ కుట్టినంతే సూదిమందు సెల్లో
సితికెల్లే దారి మూసినాది సెల్లో

నా రెండు పాదాల కంటే ఇవే బాగున్నాయి. ఒప్పుకుంటున్నాను. చీకటి పడకుండానే క్యూ వీధిలోకి వెళ్లింది. మందు చాలక రాయగడకి కబురు పంపారు.

సెప్టెంబరు 11, పద్మపూర్
మూర్తిగారితో సూదిమందు క్యాంపుకి వచ్చాను. మేము బల్ల వేయకముందే జనం వరసలో ఉన్నారు. ఆడవాళ్లు మా పాటే పాడుతున్నారు. ఈ పాట ఎవరు కట్టారని ఒక ముసలమ్మను అడిగాను.
"అమ్మోరు కల్లోకొచ్చి సెప్పింది. నీకొచ్చేటి, అమ్మీ?"
రాదన్నాను. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మేము కట్టని మూడో చరణం నాకు నిజంగానే రాదు.