దవడ సాక్ష్యం

నవంబరు 3

వందన పెళ్ళి చేసుకుంటానంది! ముప్పై తొమ్మిదేళ్ళ నా బంగారుతల్లి, తనంతట తానే, టీ కప్పులు కడుగుతూ చెప్పింది. అబ్బాయి రాజేంద్ర. దుర్గ్ వాడు, ఛత్తీస్‌గఢీ. దాని స్కూల్లోనే లెక్కల మాస్టారు. ఆనందమంటే ఆనందమా! గుండె నిండిపోయింది, దవడ బిగుసుకుపోయింది. మా ఆవిడ కనకలత చూసి, ఏటండీ, పెళ్ళి కబురు విన్నట్టు లేదు, ఛార్జిషీట్ అందుకున్నట్టుంది మీ మొహం, అంది.

జిలేబీ తెచ్చి మా క్వార్టర్ల లైనంతా పంచాను.

నవంబరు 9

అంతా పాడైంది. రాజేంద్ర తల్లి గౌరీదేవి గారు వచ్చారు. వందనను ఆవిడ మెచ్చుకుంటుంటే నేను పొంగిపోతూ కూర్చున్నాను. పొంగినకొద్దీ పళ్ళు కరుచుకున్నాయి. భాయ్‌సాబ్ నారాజ్ హై క్యా, కోపమొచ్చిందా, అని అడిగారావిడ. నేను నోరు తెరిచేలోపే మా సూర్యావతి అక్క అందుకుంది. తమ్ముడికి ఇష్టం లేదు బహన్‌జీ, ఆ దవడ చూడండి, అనేసింది. వేరే కులం సంబంధమని అక్కకే ఇష్టం లేదు. గౌరీదేవి గారు టీ ముట్టకుండా లేచారు. తండ్రి మనసు కష్టపెట్టి కోడల్ని తెచ్చుకోనన్నారు.

వందన గదిలోకి పోయి తలుపేసుకుంది.

నవంబరు 10

నేను సంతోషంగానే ఉన్నాను. అద్దం ఒప్పుకోవడం లేదు.

నవంబరు 12

డెంటిస్టు దగ్గరికి వెళ్ళాం. చిన్నపిల్ల. నా దంతాలు చూసి, అంకుల్, ఇంతలా అరిగాయేంటి, రాత్రి కొరుకుతారా, అంది. రాత్రి పసిపిల్లాడిలా పడుకుంటారమ్మా, పగలే ఈ యుద్ధం, అని కనకలత చెప్పింది. స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో పనిచేసినన్నాళ్ళూ, ఎర్రటి ఇనుము రోలర్ల మధ్యకి దూరేటప్పుడు మా గ్రూపంతా పళ్ళు బిగపట్టేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు. రిటైరయింది నేను, నా దవడ కాదు.

తినేటప్పుడు తప్ప పళ్ళు తగలకూడదంట! పెదవులు మూసి, లోపల పళ్ళు విడిగా ఉంచాలి. మాటిమాటికీ గుర్తు రావడానికి ఇంట్లో అక్కడక్కడా అంటించుకోమని రంగు స్టిక్కర్లు ఇచ్చింది. పూల బొమ్మలు. నాకా?

వాటి బదులు షట్‌డౌన్ ట్యాగులు రాసుకున్నాను. రిపేరులో ఉన్న మెషిన్‌కి వేలాడదీసే ఎర్ర అట్టలు: చాలూ మత్ కరో, నడపొద్దని. ఒకటి గడియారానికి, ఒకటి సైకిల్ హ్యాండిల్‌కి, ఒకటి దేవుడి గూటికి. వందన తలుపు తీసి చూసి, నాన్నా, ఇల్లంతా బ్రేక్‌డౌనా, అని నవ్వింది. ఆ నవ్వు చాలు నాకు.

నవంబరు 16

అక్క వచ్చింది. ఇదేట్రా, ఇల్లా మిల్లా, అంది. వైశాలి నగర్‌లో మనోళ్ళందరికీ చెప్పీసాను, నువ్వు ఒప్పుకోవని, అంది. నాకు తిక్క రేగింది. అక్కా, దవడ నాది, కూతురు నాది. నా నోరుండగా నా దవడ చేత సాక్ష్యం చెప్పించకు, అన్నాను. పళ్ళు విడిగా పెట్టే అన్నాను!

నవంబరు 19

ట్యాగు మెడలో వేసుకుని దుర్గ్ వెళ్ళాను. బస్సులో అందరూ చూశారు. చూడనీ. గౌరీదేవి గారి గుమ్మంలోనే నోరు తెరిచి అరిగిన దంతాలు చూపించాను, నా వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పాను. ఖుషీలో కూడా ఇలాగే బిగుస్తాయా, అని అడిగారు. ఖుషీలోనే జ్యాదా, అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వి, పళ్ళెం నిండా ఠేఠరీ పెట్టారు. రాయిలాంటి శనగపిండి వంటకం. డాక్టరమ్మ గట్టివి వద్దంది.

తిన్నాను. అన్నీ తిన్నాను.

డిసెంబరు 27

రిజిస్టర్ ఆఫీసులో వందన సంతకం పెట్టింది. నా నోరు మూతపడితే కదా పళ్ళు తగలడానికి!

అక్క వచ్చి ఓ మూల నిలబడింది, దవడ బిగించి. గౌరీదేవి గారు నా మెడలో ట్యాగు తీసి అక్క మెడలో వేశారు.