బెల్లం మాడిన గుమ్మడికాయ

ప్రొద్దుటూరు, మంగళవారం రాత్రి

గుమ్మడికాయకు మొదటి వేటు మగవాడే వెయ్యాలి. ఇన్నేళ్లూ ఆ ఒక్క వేటు వేసి నా భార్య సుబ్బమ్మ చేతికిచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆమె మంచం పట్టింది, తిండి ముట్టడం లేదు. అందుకని ముక్కలూ నేనే కోసి, కారం వేసి వేయించాను. బెల్లం చివర్లో వేయాలని నాకేం తెలుసు? ముందే వేశాను. అడుగంటి మాడింది.

ఒక ముద్ద ఆమె నోట్లో పెట్టి, "ఎట్లుందే?" అన్నాను.

"బాగుందిలేయ్యా" అంది.

ఉప్పు రవ్వంత తగ్గితే పెళ్లి పందిట్లోనే వంటవాణ్ణి నిలబెట్టి కడిగేసిన మనిషి. "మాడబెట్నావు గదయ్యా, నీకెందుకీ పనులు" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. మిగిలింది నేను తిన్నాను. ఒకటే చేదు.

రేపు మళ్లీ చేస్తాను. ఈసారి కావాలనే ఉప్పు వెయ్యను. అప్పుడైనా తిడుతుందేమో చూడాలి.